పద్దెనిమిది చుట్ల పార్టీ

అసలు ఈ పళ్ల బుట్టల్ని లోపలికి ఎవరు రానిచ్చారు బావా? దవడకు తీగలు బిగించి, ఆరు వారాలు ఏదీ నమలకూడదని డాక్టరు చెప్పిన మనిషికి యాపిల్ పళ్లా? అదీ ఒకటి కాదు, రెండు బుట్టలు. ఒకదానికి ఊదా రిబ్బను, ఒకదానికి బూడిద రంగు రిబ్బను. అంటే రెండు పెద్ద పార్టీల వాళ్లూ వచ్చి వెళ్లారన్నమాట.

మొన్నటిదాకా మన వార్డు ఏ మూల ఉందో తెలియని వాళ్లు, ఇవాళ మూడంతస్తుల మెట్లెక్కి, మంచం నంబరు కనుక్కుని మరీ వచ్చారంటే అది నీ దవడ మీద ప్రేమ కాదులే.

ఉండు, రాయకు. ఆ పలకా సుద్దా పక్కన పెట్టు. నాలుగేళ్లు నువ్వు మైకు పట్టుకుని మాట్లాడావు, మేం విన్నాం. ఇవాళ నా వంతు. పక్క మంచం ఆయన మంచి నిద్రలో ఉన్నాడు. అక్క నీకు పాలు వేడి చేయించుకు రావడానికి కిందికి వెళుతూ మెట్ల దగ్గర ఎదురైంది. క్యాంటీన్ దగ్గర పెద్ద వరుసే ఉంది. తను వచ్చేలోపు నేను చెప్పేయాలి.

మూడుంపావు అయింది. నాలుగింటికి కౌన్సిల్ గుమస్తా వస్తాడు, నీ సంతకం కోసం. దేనికో నీకు తెలుసు. అయినా ఇంకోసారి చెబుతాను, మందుల మత్తులో నువ్వు దేనికి పడితే దానికి తలూపేలా ఉన్నావు.

రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది కదా. వార్డు కౌన్సిల్‌కి ఇచ్చిన నీళ్ల అధికారం మాకు తిరిగి ఇచ్చేయండి, మూడు వీధుల వాల్వులకీ మూడు మెషీన్లు బిగిస్తాం, ఇక్కడ మేం మీట నొక్కితే అక్కడ మీకు నీళ్లొస్తాయి అని. ఇవ్వాలా వద్దా అని కౌన్సిల్లో ఓటు పెట్టారు. ఐదుగురు ఔనన్నారు, ఐదుగురు కాదన్నారు. పదకొండో సభ్యుడు ఇదిగో, ఇక్కడ పడుకుని గొట్టంతో పాలు తాగుతున్నాడు.

మెషీన్లు వచ్చాక వాల్వు మనిషితో పనేముంది? నాకో సర్టిఫికెట్ ఇస్తారట, ఫ్రేము కట్టించి. నేను వాల్వు తిప్పే ఆ ఇనప తాళాన్ని కౌన్సిల్ హాల్లో అద్దాల పెట్టెలో పెడతారట. పెట్టె ఇంకాస్త వెడల్పు చేయిస్తే నన్ను కూడా పక్కన నిలబెట్టొచ్చు.

అలా గుడ్లురిమి చూడకు. అసలు నిన్నో మాట అడగాలి. ఒక్క ఇనప మూత ప్రారంభోత్సవానికి పదకొండు మంది స్టేజీ ఎక్కాలా బావా? వాల్వు గుంతకి పాత మూత పగిలింది, కొత్తది వేశాం. అంతే కదా. నలుగురికి సరిపోయే స్టేజీ అది. ఒకరి చెక్క మీద ఇంకొకరు నిలబడరని ఏ పార్టీ చెక్క ఆ పార్టీయే తెచ్చుకుంది. పదకొండు చెక్కలు, పదకొండు రంగులు, ఏ ఒక్కటీ ఇంకోదాని మందం లేదు. కింద అడ్డంగా వేయాల్సిన దూలం మాత్రం ఎవరూ తేలేదు. దానికి రంగు వేసినా జనానికి కనపడదు కదా.

పడ్డది పదకొండు మందీ. దవడ విరిగింది నీకొక్కడికే. మిగతావాళ్లు పడేటప్పుడు నోరు మూసుకున్నారు.

సరే సరే, నవ్వించనులే. తీగలు లాగుతాయి.

కాని నీకు గుర్తుందా బావా, ఇవన్నీ లేనప్పుడు ఎలా ఉండేది? నువ్వూ నాన్నా ఒకే స్కూటరు మీద ఊదా పార్టీ సభలకి వెళ్లేవాళ్లు. నాన్న ముందు, నువ్వు వెనక జిగురు బక్కెట్ ఒళ్లో పెట్టుకుని. పోస్టరు నాన్న అతికించేవాడు, జిగురు నువ్వు రాసేవాడివి. తిరిగొచ్చి మా వరండాలో కూర్చుని విమానాశ్రయం ఎక్కడ కడితే బాగుంటుందో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. మనిళ్లలో ఒక్కరూ విమానం ఎక్కింది లేదు. కుళాయి గురించి మాత్రం ఒక్క మాట ఉండేది కాదు. ఎందుకుంటుంది? నీళ్లు ఎప్పుడు వదలాలో రాజధాని నుంచి ఏడాదికోసారి కాగితం వచ్చేది. నాన్న అప్పుడు వాల్వు మనిషి. కాగితంలో ఎలా ఉంటే అలా వదిలేవాడు. నీళ్లు రాకపోతే జనం తిట్టాల్సింది రాజధానిని, అదేమో తిడితే వినపడనంత దూరం.

ఓట్లప్పుడు ఊదా లేదా బూడిద. మూడోది ఎవరు పెడతారు, పెట్టి ఏం చేసుకుంటారు?

తర్వాత ఆ చట్టం వచ్చింది. నీళ్లు, వీధి దీపాలు, చెత్త బండి, అన్నీ ఇకనుంచి వార్డు కౌన్సిల్‌వే అన్నారు. మూడు వీధులు, పదకొండు సందులు, సందుకో సీటు. ఆ రోజు నువ్వూ నాన్నా ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు చేతులేసుకుని ఫోటో దిగారు. ఆ ఫోటో ఇంకా మా ఇంట్లో ఉంది. నీ సగం మీద క్యాలెండరు వేలాడదీశారు, అంతే తేడా.

మొదటి మీటింగులోనే మొదలైంది. వాల్వుని ఎన్ని చుట్లు తిప్పాలి? వీధికి పద్నాలుగు అని ఎవరో అన్నారు. ట్యాంకు వీధిలో ఇళ్లెక్కువ కాబట్టి మాకు పదహారు అన్నాడు నాన్న. చివరి వీధికి నీళ్లు ఈడ్చుకుంటూ వస్తాయి కాబట్టి మాకు పద్దెనిమిది అన్నావు నువ్వు. రెండు చుట్లు తేడా. ఆ రాత్రికల్లా స్కూటరు ఒకరిది, జిగురు బక్కెట్ ఒకరిది అయిపోయాయి. నాన్న పదహారు చుట్ల పార్టీ పెట్టాడు. నువ్వు పద్దెనిమిది చుట్ల పార్టీ పెట్టావు. దర్జీ ఊరుకుంటాడా? పదిహేనున్నర అన్నాడు, ఆ అర చుట్టు కోసం ప్రాణమిస్తానన్నాడు. బేకరీ ఆయన అసలు చుట్లే వద్దు, రోజు విడిచి రోజు వదలండి అన్నాడు. పదకొండూ అలా పుట్టుకొచ్చినవే. ఎంత కొట్టుకున్నా చివరికి ట్యాంకు వీధికి పదహారు, మీ వీధికి పద్దెనిమిది, దర్జీ ఉండే మెట్ల వీధికి పదిహేనున్నర అయ్యాయి. పిల్లలు కూడా నిన్ను పేరుతో పిలవడం మానేశారు. పద్దెనిమిదీ అని కేకేస్తే నువ్వు ఎంత దర్జాగా వెనక్కి తిరిగేవాడివి!

ఇక అమ్మ గుట్టుగా పద్నాలుగుకి ఓటేస్తుంది. ఎటూ మొగ్గకపోతే రెండిళ్లకీ మంచిదట.

ఆ పుస్తకాల ఆయన గుర్తున్నాడా? ఏదో విశ్వవిద్యాలయం నుంచి వచ్చి, ఇంత చిన్న వార్డులో పదకొండు పార్టీలు ఎందుకున్నాయో రాయాలని నెల రోజులు మా మేడ మీద గదిలో అద్దెకున్నాడు. రోజూ పొద్దున్నే గుంత దగ్గర నా వెనకాలే నిలబడేవాడు. అతనికి చెప్పింది నేనే. అయ్యా, మీరు అన్నీ కలిపి లెక్కేస్తున్నారు కాబట్టి పదకొండు కనపడుతున్నాయి, ఒక్కో సందులోకి వచ్చి చూడండి అన్నాను. ఏ సందులో చూసినా ఇద్దరే గట్టిగా కొట్టుకుంటారు. గెలిచేవాడొకడు, వాణ్ని ఓడించగలిగినవాడొకడు. మూడోవాడికి వేసి ఓటు పాడుచేసుకునేంత తీరిక ఎవరికీ లేదు. కాకపోతే దర్జీ సందులో కొట్టుకునే ఇద్దరూ వేరు, బేకరీ సందులో కొట్టుకునే ఇద్దరూ వేరు. అన్నీ కలిపితే పదకొండు కాక ఏమవుతుంది?

మరి ఇంతకుముందు అన్ని సందుల్లోనూ ఆ రెండే ఎందుకుండేవి అన్నాడు. ఇంతకుముందు ఏది తేలాలన్నా రాజధానిలో తేలేదండీ, అంత దూరం పోవాలంటే పెద్ద బండే ఎక్కాలి, ఇప్పుడు గుంత దగ్గర తేలుతోంది, అక్కడికి ఎవరి చెప్పులేసుకుని వాళ్లు నడిచి రావచ్చు అన్నాను. పెన్ను తీసి వెంటనే రాసుకున్నాడు. తర్వాత అదంతా రెండు వందల పేజీలు రాసి డాక్టరయ్యాడట. నీ దవడకి పనికొచ్చే డాక్టరు కాదులే.

ఇప్పుడు చూడు, రాజధాని ఉత్తరం వచ్చి పదిహేను రోజులు కాలేదు, అధికారం ఇంకా పోనేలేదు, పోతుందేమో అన్న వాసనకే దర్జీ ఊదాలో కలిసిపోయాడు. ప్రాణమిస్తానన్న అర చుట్టు ఏమైందంటే విశాల ప్రయోజనాలు అంటున్నాడు. బేకరీ ఆయన బూడిదలో కలిశాడు, కేకు మీద క్రీము కూడా బూడిద రంగే వేస్తున్నాడు, ఎవరూ కొనట్లేదు. గోడల మీద రాసే పెయింటరు నిన్న గుంత దగ్గరికొచ్చి కూర్చున్నాడు. పదకొండు రంగుల డబ్బాలూ ఎండిపోయేలా ఉన్నాయట, ఇక మిగిలేవి ఊదా, బూడిదేనట. పాపం, వార్డులో పార్టీల మీద నిజంగా ప్రేమ ఉన్నవాడు అతనొక్కడే.

నీకేం ఇస్తామన్నారు? ఊదా వాళ్లు పై సభకి టికెట్ ఇస్తామన్నారు కదూ? రెప్పలార్పకు, నాకు తెలుసు. దర్జీయే చెప్పాడు. ఔనని సంతకం పెడితే టికెట్. కాదని పెడితే యాపిల్ పళ్లు.

నేను కాళ్లు పట్టుకోను బావా, అలవాటు లేదు. కాని కాదని పెట్టు. అది అడగడానికే వచ్చాను.

తెలుసు, నీ బాధేమిటో తెలుసు. కాదన్న ఐదుగురిలో నాన్న ఒకడు. కాదని పెడితే నీ సంతకం నాన్న సంతకం కింద పడుతుంది. నాలుగేళ్లుగా ఆయన కుడికి వెళితే నువ్వు ఎడమకి వెళ్లావు. ఆయన మోకాలి ఆపరేషన్‌కి నువ్వు రాలేదు, నీ కూతురు పుడితే ఆయన రాలేదు. ఇప్పుడు ఒకే కాగితం మీద ఒకే వైపు నిలబడితే చివరి వీధి వాళ్లకి ముఖం ఎలా చూపించాలి అని. అంతేనా?

చివరి వీధి కోసమే అడుగుతున్నాను. విను. ఇది ఎవరికీ చెప్పలేదు.

మెషీను పెడితే అన్ని వీధులకీ సరిగ్గా అరగంట. రాజధానిలో అందరూ సమానమే. చివరి వీధికి అరగంటలో ఏం వస్తాయి? మొదటి పది నిమిషాలు గొట్టంలో గాలే వస్తుంది. ఇన్నాళ్లూ ఎలా వచ్చాయనుకున్నావు? నేను మీ వాల్వు ఇరవై నిమిషాలు ముందు తెరుస్తాను. చీకటితోనే వెళ్లి, ఎవరూ లేనప్పుడు తెరిచేసి, మళ్లీ మూసి, అందరూ వచ్చాక అందరి ముందూ తిప్పుతాను. ఇన్నేళ్లలో ఒక్కరూ పట్టుకోలేదు. అందరూ చుట్లు లెక్కపెడుతున్నారు బావా. వీధికొక మనిషి గుంత చుట్టూ నిలబడి, నేను తాళం తిప్పుతుంటే ఒకటి, రెండు, మూడు అని గట్టిగా అరుస్తారు. ఒక్కడి చేతికీ గడియారం లేదు. పదకొండు పార్టీలు పుట్టాయి కాని నిమిషాల పార్టీ ఒక్కటి పుట్టలేదు. పుడితే అధ్యక్షురాలిని నేనే, కార్యకర్తనీ నేనే.

అక్క కోసమే మొదలుపెట్టాను. కడుపుతో ఉన్న మనిషి మెట్ల వీధి నుంచి రెండు బిందెలు మోసుకొస్తుంటే చూశాను ఒకరోజు. మర్నాటి నుంచి ఇరవై నిమిషాలు.

నువ్వు సభలో ఏమన్నావు? పద్దెనిమిది చుట్లు సాధించాం, అందుకే చివరి వీధిలో నీళ్లు గలగలలాడుతున్నాయి అన్నావు. నేను కింద నిలబడి చప్పట్లు కూడా కొట్టాను.

ఇది సగమే. మిగతా సగం చెబితే నువ్వు లేచి కొట్టినా కొడతావు. అయినా లేవలేవు కాబట్టి చెబుతున్నాను.

ఆ మూడు వాల్వుల్లోనూ మర అరిగిపోయింది బావా. తొమ్మిది చుట్లకే పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పినా తాళం ఊరికే తిరుగుతుంది. పద్నాలుగైనా పదహారైనా పద్దెనిమిదైనా ఒకటే. పదో చుట్టు నుంచి నేను చేసేది నాటకం. పళ్లు బిగబట్టి, చెమట తుడుచుకుంటూ, బరువుగా ఉన్నట్టు. పదిహేనున్నర దగ్గర దర్జీ మనిషి ముఖం వెలిగిపోతుంది చూడు, నాకే జాలేస్తుంది.

మెషీను బిగించాలంటే వాల్వు విప్పాలి. విప్పితే రాజధాని ఇంజనీరు మొదటి నిమిషంలోనే కనిపెట్టేస్తాడు. అప్పుడు అందరూ నన్ను అడుగుతారు, నాలుగేళ్లు ఏం తిప్పావమ్మా అని. అందుకే వచ్చాను. వీధి కోసం, నిజమే. కాని ముందు నా పరువు కోసం. అది కూడా చెప్పేశాను.

నాన్నకి తెలుసు. ఎందుకు తెలియదు, ఇరవై రెండేళ్లు తిప్పినవాడు. సభ్యుడయ్యాక తాళం నా చేతికిస్తూ ఆయన చెప్పింది ఒక్కటే మాట. "తొమ్మిది దాకా నీళ్ల కోసం తిప్పు. ఆ పైన జనం కోసం తిప్పు." ఆ పొద్దున్నే ఆయన పదహారు చుట్లు మా జన్మహక్కు అని కరపత్రాలు పంచి వచ్చాడు. నేను తాళం పట్టుకుని, అయితే బావతో గొడవ దేనికి నాన్నా అని అడిగాను. ఆయన మోకాళ్లు రుద్దుకుంటూ, మీ బావకి అది తెలియదుగా అన్నాడు.

నిన్ను వెర్రివాణ్ని చేశాం బావా, నేనూ నాన్నా కలిసి. నాలుగేళ్లు. నువ్వు ఆ రెండు చుట్ల కోసం మామగారి గడప తొక్కలేదు, గొంతు పోయేదాకా అరిచావు, ఇప్పుడు దవడ కూడా పోగొట్టుకున్నావు. ఒక్కసారి చెవిన వేస్తే అయిపోయేది. వేయలేదు. చుట్లు ఉన్నన్నాళ్లు అందరూ నా చేతి వైపు చూసేవాళ్లు. ఏం చదువుకోని పిల్ల తాళం పట్టుకుంటే పదకొండు పార్టీలు ఊపిరి బిగబట్టేవి. అది నాకు నచ్చింది. ఇంకేం చెప్పను?

ఏమైంది? భుజాలు ఎందుకలా కదులుతున్నాయి? ఏడుస్తున్నావా? నర్సుని పిలవనా? వద్దా?

నవ్వుతున్నావా?

సరే, రాయి. పలక ఇదిగో. మెల్లగా.

"తెలుసు."

ఏం తెలుసు? మర సంగతా? నీకెలా తెలుసు?

జ్వరం... ఓహో. మొదటి ఏడాది నాకు జ్వరం వచ్చిన మూడు రోజులు తాళం తిప్పింది నువ్వే కదా. అయ్యో, నా బుర్ర. తిప్పినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? తొమ్మిది తర్వాత తాళం చేతిలో పిల్లల బొంగరంలా తిరుగుతుంటే.

ఉండు. ఆ తర్వాతి ఆదివారం సభలోనే కదూ నువ్వు పద్దెనిమిది కూడా చాలదు, ఇరవై కావాలి అన్నది? తెలిసి అన్నావా? ఊరికే తిరిగే చుట్లలో ఇంకో రెండు ఎక్కువ అడిగావా? నేను నీ ధైర్యం చూసి ఎంత ఆశ్చర్యపోయానో.

మరి చెప్పలేదేం? అడుగుతున్నాను కదా, రాయి. సుద్ద విరిగితే విరిగిందిలే, ఇంకోటుంది.

"చెబితే నేనెవర్ని?"

అవును. జిగురు బక్కెట్ పట్టుకునేవాడివి. అంతకుముందు నిన్ను ఎవరూ దేనితోనూ పిలిచింది లేదు, ఆయనగారి అల్లుడు అనేవాళ్లు. పద్దెనిమిది వచ్చాకే నువ్వొక మనిషివయ్యావు. నన్ను నేను చూసుకుంటున్నట్టుంది, నిన్నేం అనను?

అంటే నీకు తెలుసు, నాన్నకి తెలుసు, నాకు తెలుసు. మీ ఇద్దరూ ఎదురుపడితే ముఖాలు తిప్పుకున్నదంతా ఒట్టి గాలి చుట్ల కోసమని ఇద్దరికీ తెలిసే. నేనేమో ఒక్కడైనా అమాయకుడున్నాడని నాలుగేళ్లుగా గిల్టీగా బతికాను. ఆ నాలుగేళ్లూ నాకు తిరిగివ్వు బావా.

అయితే ఇక తెలియంది ఎవరికి?

అటు చూడకు, నా వైపు చూడు. అక్కకి తెలుసా?

అక్కకి తెలియదు.

అక్క గోడ మీద రాసుకుంది, ఒక్కో చుట్టుకి రెండు బిందెలు, పద్దెనిమిదికి ముప్ఫై ఆరు అని. ఏ గోడ మీద రాసిందో నాకు తెలుసు, బొగ్గుతో రాసింది. నాన్నకి ఆపరేషనైతే అన్నం డబ్బా నాతో పంపింది, మూత మీద నీ పార్టీ స్టిక్కరు గోటితో గీకేసి మరీ. తను మాత్రం రాలేదు. రెండు వందల అడుగుల దూరం. నువ్వు వద్దన్నావని కాదు. నువ్వు అనలేదు, అది నాకు తెలుసు. ఆ రెండు చుట్లు నాలుగు బిందెలు అనుకుంది. నాలుగు బిందెల్ని కాదనే మనిషి తన కూతుర్ని ఎత్తుకోదగ్గ మనిషి కాదు అనుకుంది. పార్టీలో నిజంగా సభ్యత్వం ఉన్నది తనకొక్కదానికే బావా. మనమంతా ఊరికే జెండా పట్టుకున్నాం.

ఎవరో వస్తున్నారు. అక్క కాదు. గుమస్తా. పది నిమిషాలు ముందే వచ్చాడే.

రండి, కూర్చోండి. ఆ బుట్ట జరిపి కూర్చోండి, పళ్లు తీసుకోండి, ఇక్కడ తినేవాళ్లెవరూ లేరు. ఈయన స్పృహలోనే ఉన్నాడండీ, మాట రాదంతే. కాగితం ఇటివ్వండి, నేను పట్టుకుంటాను. ఎడమ వైపు ఔను, కుడి వైపు కాదు. చూసుకో బావా. బలవంతం ఏమీ లేదు. నేను కిటికీ వైపు తిరుగుతాను కావాలంటే.

అయిందా?

కుడి వైపు.

నాన్న సంతకం కిందే. ఆయన చివరి తోక నీ మొదటి అక్షరంలో కలిసిపోయింది చూడు. నాలుగేళ్ల తర్వాత మామా అల్లుళ్లు ఒక్క మాట మీదకొచ్చారు, అది మన కొట్లాట మనకే ఉండాలన్న మాట మీద.

ఏం లేదండీ, ఈయనతో అంటున్నాను. ముద్ర వేసుకుంటారా? వేసుకోండి. ఆరు, ఐదు. వెళ్లిరండి, మెట్ల మీద జాగ్రత్త.

పోయింది బావా నీ టికెట్. నా తాళం నాకు మిగిలింది. అందరి పరువూ నిలిచింది. కోరుకున్నదే జరిగితే మనసు తేలికపడాలి కదా, ఇదేమిటో ఇలా ఉంది.

ఆ అడుగులు అక్కవే. ఎడమ చెప్పు ఈడ్చుకుంటూ వస్తుంది, తెలుసుగా.

చెప్పేద్దామా? నువ్వు రాస్తావా, నన్ను చెప్పమంటావా? ఇప్పుడు చెబితే రేపు నాన్న దగ్గరికి వెళుతుంది. వెళ్లి ఆయన్ని కడిగేస్తుంది, తర్వాత నిన్ను, ఆ తర్వాత నన్ను, కాని వెళుతుంది. పాప తాతయ్యని చూస్తుంది. పలక ఇదిగో, పట్టుకో. ఏదో ఒకటి రాయి బావా, గడపలోకి వచ్చేసింది.

చొక్కా చేత్తో పలక తుడిచేశావా? రాసినవన్నీ?

సరే.

రా అక్కా. ఇటివ్వు, గ్లాసు కాలుతోంది, ఇలా పెట్టు. ఏం లేదు, ఏడవలేదు, బావని నేనే నవ్వించాను, తీగలు లాగి కళ్లలో నీళ్లొచ్చాయి. గుమస్తా వచ్చి వెళ్లాడు. ఆ, అయిపోయింది. మెషీన్లు రావు. గెలిచాం అక్కా. నీ పద్దెనిమిదీ నీకే ఉన్నాయి, ఒక్కటి కూడా తగ్గదు. నమ్మకం లేకపోతే రేపు పొద్దున గుంత దగ్గరికి వచ్చి నిలబడి లెక్కపెట్టుకో.